చోక్: చల్లని ఇంజిన్ల చిన్న చరిత్ర

మా నాన్న కారు డాష్‌బోర్డు కింద ఒక నల్లటి నాబ్ ఉండేది. దాని మీద అక్షరం ఏదో ఉండేదట, నాకు ఊహ తెలిసేసరికే వేళ్ల రాపిడికి చెరిగిపోయింది. ఆదిలాబాద్‌లో చలికాలం తెల్లవారుజామున నాన్న మఫ్లర్ చుట్టుకుని వచ్చి, ఆ నాబ్‌ని చివరిదాకా లాగి, సెల్ఫ్ కొట్టి, తల కాస్త పక్కకి వాల్చి వినేవాడు. ఇంజిన్ రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకునేది. అప్పుడు నాబ్‌ని ఒక అంగుళం లోపలికి నెట్టేవాడు. మళ్లీ వినేవాడు. ఇంకో అర అంగుళం. వీధి చివర మర్రిచెట్టు దాటి రెండు మైళ్లు పోయేసరికి నాబ్ పూర్తిగా లోపలికి వెళ్లిపోవాలి. అదీ లెక్క.

ఒక ఏడాది ఆ లెక్క తప్పింది. కారు స్టార్ట్ అయ్యేది. కానీ నాబ్ లోపలికి నెడితే చాలు, ఆగిపోయేది. మర్రిచెట్టు దాటినా, ఊరు దాటినా, సగం చోక్ మీదే నడవాలి. పెట్రోలు నీళ్లలా తాగేది. గేరు మార్చి యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, తర్వాత ఉలిక్కిపడి ముందుకు దూకేది. ఇద్దరు మెకానిక్కులు కార్బురేటర్ విప్పి, కడిగి, బిగించారు. జెట్లు మార్చారు. డబ్బులయ్యాయి గానీ జబ్బు పోలేదు. "బండికి జలుబు చేసిందిరా" అని మా నాయనమ్మ తేల్చేసింది. అందరూ నవ్వారు.

ఆ జబ్బు ఏమిటో, ఎవరు పట్టుకున్నారో తర్వాత చెప్తాను. ఈ తరం వాళ్లలో చాలామందికి కారు చోక్ లాగిన అనుభవం ఉండదు. మహా అయితే ఇంట్లో పాత స్ప్లెండర్ ఉంటే, చలికాలం దాని ఇంజిన్ పక్కనున్న చిన్న మీట పైకెత్తి కిక్ కొట్టి ఉంటారు. అంతకుముందు తరం వాళ్లయితే బజాజ్ స్కూటర్‌ని ఒక పక్కకి వంచి, ఒక నిమిషం అలా పట్టుకుని, నిలబెట్టి కిక్ కొట్టేవాళ్లు. ఎందుకు వంచుతున్నారని అడిగితే "అలా చేస్తే స్టార్ట్ అవుతుంది" అనేవాళ్లు. ఎందుకు అవుతుందో చెప్పగలిగిన వాళ్లు తక్కువ. ఆ నాబ్, ఆ మీట, ఆ వంచడం మూడూ ఒకే ప్రశ్నకి జవాబులు. ఆ ప్రశ్న వయసు నూట ముప్పై ఏళ్లు.

ఇంజిన్‌కి చలి అంటే

పెట్రోలు మండుతుందని మనం అనుకుంటాం. నిజానికి ద్రవంగా ఉన్న పెట్రోలు మండదు, దాని ఆవిరి మండుతుంది. ఆ ఆవిరి కూడా గాలితో ఒక హద్దులో కలిస్తేనే నిప్పురవ్వని అందుకుంటుంది. తూకంలో చూస్తే ఒక పాలు పెట్రోలుకి దాదాపు 14.7 పాళ్ల గాలి ఉంటే, లెక్క ప్రకారం రెండూ మిగలకుండా కాలిపోతాయి. గాలి మరీ ఎక్కువైతే మిశ్రమం పలచన, పెట్రోలు మరీ ఎక్కువైతే చిక్కన. ఎటువైపు హద్దు దాటినా ఇంజిన్ ఆగిపోతుంది.

పెట్రోలు ఒకే పదార్థం కూడా కాదు. ఇట్టే ఆవిరైపోయేవి, మొండికేసేవి కలిపి వందల రకాల హైడ్రోకార్బన్లు అందులో ఉంటాయి. ఇంజిన్ వేడిగా ఉంటే అన్నీ ఆవిరవుతాయి. చల్లగా ఉంటే తేలికరకాలు మాత్రమే లేస్తాయి. మిగతాది సన్నని తుంపరగా వెళ్లి, చలి రోజు కిటికీ అద్దానికి చెమ్మ పట్టినట్టు, మానిఫోల్డ్ గోడలకి పట్టుకుంటుంది. కార్బురేటర్ సరిగ్గానే కొలిచి పోసింది, కానీ సిలిండర్ దాకా ఆవిరిగా చేరింది కొంచెమే. కాబట్టి ఎక్కువ పోయాలి. పిలిచిన ముగ్గురిలో ఒక్కరే వస్తారని తెలిస్తే, పదిమంది కోసం ముప్పైమందిని పిలుస్తాం చూడండి, అలాగన్నమాట. చోక్ చేసే పని ఇదే.

ఇక్కడ చలి అనేది మన ఒంటికి తెలిసే చలి కాదు. వేడెక్కిన ఇంజిన్‌లో నీళ్లు 80, 90 డిగ్రీల దగ్గర ఉంటాయి. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్ 25 డిగ్రీల దగ్గర ఉంటే, మనకి హాయిగా ఉంటుంది గానీ దానికి అది చలే. హైదరాబాద్‌లో మే నెల ఉదయం కూడా ఇంజిన్ చల్లగానే లేస్తుంది. ఆదిలాబాద్‌లో జనవరి రాత్రి 5, 6 డిగ్రీలకి పడిపోతే ఇక చెప్పక్కర్లేదు.

డబ్బాలో ఆవిరి, గొట్టంలో తుంపర

మొదటి కార్లకి ఈ సమస్య ఇంకో రూపంలో ఉండేది. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో తుంపర అన్నదే లేదు. ఒక డబ్బాలో లిగ్రోయిన్ అనే తేలికరకం ద్రావకం పోసి, దాని మీదుగా గాలిని పోనిచ్చేవాళ్లు. ఆ గాలి ఆవిరిని మోసుకుని ఇంజిన్‌లోకి వెళ్లేది.

1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా, ఇద్దరు కొడుకులని వెంటబెట్టుకుని, ఆ బండి మీద మాన్‌హైమ్ నుంచి ఫోర్త్‌సైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. దారి వంద కిలోమీటర్ల పైచిలుకు. పెట్రోలు బంకులన్న మాటే లేని కాలం. లిగ్రోయిన్‌ని మరకలు తుడిచే మందుగా మందుల షాపుల్లో అమ్మేవాళ్లు. వీస్‌లోహ్ ఊళ్లో ఒక మందుల షాపులో ఆమె అది కొని పోయించుకుంది. దారిలో ఇంధనపు గొట్టం పూడుకుపోతే టోపీకి గుచ్చుకునే పిన్నుతో శుభ్రం చేసుకుంది. దూరప్రయాణంలో బండి ఆగిపోయి, కారణం వెతికి, చేతిలో ఉన్నదానితో బాగుచేసుకున్న తొలి డ్రైవర్లలో ఆమె ఒకరు. ఆ తర్వాత వందేళ్లపాటు జెట్లో ఇరుక్కున్న నలుసుని తీసిన ప్రతి మెకానిక్కూ ఆమె వారసుడే.

డబ్బా పద్ధతికి ఒక లోపం ఉంది. తేలికరకాలు ముందు ఆవిరైపోతాయి, అడుగున మొండివి మిగులుతాయి. ఇంజిన్ పెద్దదై వేగం పెరిగేకొద్దీ ఆవిరి సరిపోదు. 1893లో రెండుచోట్ల దాదాపు ఒకే జవాబు వచ్చింది. జర్మనీలో విల్హెల్మ్ మేబాఖ్, బుడాపెస్ట్‌లో దోనాత్ బాంకి, యానోష్ చోంకా. ఆవిరయ్యేదాకా ఆగడం ఎందుకు, సన్నని జెట్‌లోంచి ద్రవాన్నే గాలిలోకి చిమ్మితే పోలా అన్నారు. పూలమ్మే ఒకామె పూల మీద నీళ్లు చిలకరించడం చూసి బాంకి, చోంకాలకి ఆలోచన తట్టిందని హంగరీలో ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ, పోలిక మాత్రం సరైనదే.

కార్బురేటర్ గొట్టం మధ్యలో నడుములా సన్నబడుతుంది. ఇంజిన్ పీల్చిన గాలి అక్కడ వేగం పుంజుకుంటుంది, దాంతో పీడనం తగ్గుతుంది. పక్కనున్న చిన్న గిన్నెలోంచి పెట్రోలు ఆ జెట్ గుండా పైకి ఎగిసి, గాలిలో తుంపరైపోతుంది. కరెంటు లేదు, మోటారు లేదు. గాలే పెట్రోలుని పిలుచుకుంటుంది. ఎంత గాలికి అంత పెట్రోలు.

కానీ ఈ తెలివైన మార్పులోనే ఒక మెలిక ఉంది. ఇదివరకు ఇంజిన్‌కి చేరేదే ఆవిరి. ఇప్పుడు తుంపర చేరుతోంది. దాన్ని ఆవిరి చేసే పని ఇంజిన్ వేడి మీద పడింది. వేడే లేని ఇంజిన్ ఆ పని ఎలా చేస్తుంది? వేడెక్కాలంటే నడవాలి, నడవాలంటే వేడెక్కాలి. కార్బురేటర్ కాలం మొత్తం ఈ చిక్కుముడి చుట్టూ తిరిగింది.

పీక నొక్కే పద్ధతులు

అన్నిటికన్నా తేలికైన ఉపాయం గాలి దారి మూసేయడం. కార్బురేటర్ నోటి దగ్గర ఒక బిళ్ల పెట్టి మూస్తే, ఇంజిన్ పీల్పు మొత్తం జెట్ మీద పడుతుంది. గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ. పేరు కూడా దాచుకోకుండా పెట్టారు: చోక్, అంటే ఉక్కిరిబిక్కిరి చేయడం. పాత ఇంగ్లిష్ కార్ల పుస్తకాల్లో దాన్నే స్ట్రాంగ్లర్ అన్నారు, అంటే పీక నొక్కేది. పీక నొక్కితే తప్ప ఊపిరి అందుకోని వింత ప్రాణి ఇది.

1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారైన ఫోర్డ్ మోడల్ టీ కారు చూడండి. ముందువైపు రేడియేటర్ కింద ఒక వైరు ఉంగరం వేలాడుతూ ఉండేది. అది చోక్. బండి ముందు నిలబడి ఒక చేత్తో ఉంగరం లాగి, ఇంకో చేత్తో హ్యాండిల్ తిప్పాలి. ఇంజిన్ వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. చలి ఎక్కువైతే జనం సొంత తెలివి వాడేవాళ్లు. మానిఫోల్డ్ మీద వేడినీళ్లు పోసేవాళ్లు. వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, ఇంజిన్ తేలిగ్గా తిరిగేలా చేసేవాళ్లు. 1912 క్యాడిలాక్‌లో చార్లెస్ కెట్టరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక డ్రైవర్ బండి ముందు నుంచి సీటులోకి మారాడు. ఉంగరం కూడా అతనితోపాటు లోపలికి వచ్చి డాష్‌బోర్డు మీద నాబ్ అయింది.

ఇంగ్లండులో ఇంకో దారి తొక్కారు. చెప్పుల వ్యాపారం చేసే స్కిన్నర్ కుటుంబంలోని అన్నదమ్ములు కొత్తరకం కార్బురేటర్ చేశారు. స్కిన్నర్స్ యూనియన్ అన్న పేరులోంచే ఎస్.యు. అన్న రెండక్షరాలు వచ్చాయి. మొదట్లో దాని లోపల పైకీ కిందకీ ఆడే భాగం తోలుతిత్తి. చెప్పుల వాళ్లు కదా, తోలు చేతికి అందిన సరుకు. తర్వాత దాని స్థానంలో లోహపు పిస్టన్ వచ్చింది. 1926లో కంపెనీ మోరిస్ చేతికి వెళ్లింది. మోరిస్ మైనర్ లాంటి కార్లలో చోక్ నాబ్ లాగితే గాలి దారి మూసుకోదు. జెట్ కాస్త కిందికి దిగుతుంది, అందులో ఆడే సూది చుట్టూ సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. అంటే ఎవరి పీకా నొక్కట్లేదు. అయినా పేరు చోక్ అనే నిలిచిపోయింది.

అమెరికాలో మనిషిని ఈ పనిలోంచి తప్పించాలని చూశారు. 1930ల్లో ఆటోమేటిక్ చోక్ వచ్చింది. రెండు లోహాలు అతికించి చుట్టిన స్ప్రింగు చల్లగా ఉన్నప్పుడు బిళ్లని మూస్తుంది, వేడెక్కేకొద్దీ విప్పుకుంటూ తెరుస్తుంది. డ్రైవర్ చేయాల్సిందల్లా తాళం తిప్పే ముందు యాక్సిలరేటర్‌ని ఒకసారి కిందిదాకా తొక్కి వదలడం. ఆ ఒక్క తొక్కుడు మర్చిపోయి, కారు పాడైందని మెకానిక్‌ని పిలిచినవాళ్లు ఎందరో. పని తప్పించామనుకున్నారు, నిజానికి దాన్ని కనపడకుండా చేశారు. నాబ్ ఉన్నప్పుడు ఏం జరుగుతోందో చేతికి తెలిసేది.

మన షెడ్లలో

మనకి దశాబ్దాలపాటు ప్రధానంగా మూడు రకాల కార్లే కనిపించేవి. ఉత్తరపారాలో అంబాసిడర్, బొంబాయిలో ఫియట్, మద్రాసులో స్టాండర్డ్. అంబాసిడర్ మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3, పద్మిని మూలం ఇటలీలోని ఫియట్ 1100, హెరాల్డ్ మూలం ఇంగ్లండు. మూడూ చలిదేశాల్లో గీసిన బొమ్మలే. వాటిలో చలి కోసం చేసిన ఏర్పాట్లు చాలా ఉన్నాయి. ఉదాహరణకి అంబాసిడర్ ఇంజిన్‌లో గాలి లోపలికెళ్లే మానిఫోల్డూ, పొగ బయటికొచ్చే మానిఫోల్డూ ఒకే పక్కన ఉంటాయి. పొగ వేడి తగిలి పెట్రోలు తుంపర ఆవిరవ్వాలని. ఎండలో చూస్తే ఇదంతా అనవసరం అనిపిస్తుంది. అనిపించింది కూడా. ఆ సంగతి తర్వాత.

ఈ కార్లు మన మెకానిక్కులకి ఒక వైద్యశాస్త్రం నేర్పాయి. చిన్నప్పుడు షెడ్డులో స్టూలు మీద కూర్చుని చూసినవి, పెద్దయ్యాక ఎందుకో తెలుసుకున్నవి కలిపి చెప్తాను.

మంచి మెకానిక్ స్పానర్ పట్టుకునే ముందు ఒక ప్రశ్న అడిగేవాడు: "ఎప్పుడు ఆగుతుంది సార్?" చలిలో బండి చేసే అల్లరి మూడు రకాలు. అసలు లేవకపోవడం ఒకటి. లేచి, చోక్ తీయగానే పడిపోవడం రెండు. బాగానే బయల్దేరి, కొంత దూరం పోయాక ఆగిపోవడం మూడు. వీటి కారణాలు వేరు వేరు. ప్రశ్న అడక్కుండా కార్బురేటర్ విప్పేవాడిని నమ్మకూడదు. కార్బురేటర్ జబ్బుల్లో సగం కరెంటు జబ్బులేనని ఆ వృత్తిలో ఒక పాత మాట.

అసలు లేవకపోతే ముందు ప్లగ్గు విప్పి చూడాలి. పొడిగా ఉందా, తడిగా ఉందా? పొడిగా ఉంటే పెట్రోలు చేరడం లేదు. వారం రోజులు కదలని బండి గిన్నెలో పెట్రోలు ఆవిరైపోయి ఉండొచ్చు. చాలా కార్లలో పంపుకి చేత్తో ఆడించే చిన్న మీట ఉంటుంది, నాలుగుసార్లు ఆడిస్తే గిన్నె నిండుతుంది. లేదా చోక్ వైరు బిగింపు జారిపోయి ఉండొచ్చు. లోపల నాబ్ కదులుతుంది, బయట బిళ్ల కదలదు. మూత తీసి, ఒకరు నాబ్ లాగుతుంటే ఇంకొకరు చూస్తే తెలిసిపోతుంది. చాలాసార్లు జబ్బు ఇంతే. ప్లగ్గు తడిగా ఉంటే పెట్రోలు వచ్చింది, మండలేదు. చలికి బ్యాటరీ బలం తగ్గింది, ఇంజిన్ ఆయిలు చిక్కబడి సెల్ఫ్ మీద బరువు పెరిగింది, రవ్వకి కరెంటు మిగల్లేదు. పాయింట్లు చూడాలి. ఈలోగా చోక్ లాగి లాగి ఓవర్‌ఫ్లో అయి ఉంటే, చోక్ నాబ్ పూర్తిగా లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ కిందిదాకా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే లోపలి తడి ఆరుతుంది.

లేచి పడిపోయే బండి సాధారణంగా గాలి ఎక్కువ తాగే బండి. కార్బురేటర్ నోట్లోంచి వెనక్కి తుమ్ముతుంది. పొగగొట్టంలోంచి నల్ల పొగ వస్తే మాత్రం పెట్రోలు ఎక్కువ. ఒక పెద్దాయన ఇంజిన్ తిరుగుతుండగా కార్బురేటర్ నోటికి అరచేయి కాస్త అడ్డం పెట్టేవాడు. ఇంజిన్ తేరుకుంటే మిశ్రమం పలచనగా ఉన్నట్టు, ఇంకా నీరసిస్తే చిక్కగా ఉన్నట్టు. చూడ్డానికి బాగుంటుంది గానీ మీరు చేయకండి, ఆ నోట్లోంచి మంట కూడా రాగలదు. దొంగగాలి ఎక్కడినుంచి వస్తోందో వెతకాలి. మానిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గర చల్లగా ఉన్నప్పుడు సందు ఉండి, వేడికి లోహం వ్యాకోచించాక మూసుకుపోవచ్చు. అందుకే మధ్యాహ్నం షెడ్డుకి తీసుకెళ్తే బండి బుద్ధిగా నడిచేది. ఇక తొక్కగానే ఒక క్షణం తడబడితే యాక్సిలరేటర్ పంపులో డయాఫ్రం చిరిగి ఉండొచ్చు. స్లో జెట్‌లో నలుసు ఉండొచ్చు.

స్కూటర్ వంచడం సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. వంచితే గిన్నెలో తేలే ఫ్లోట్ లెక్క తప్పి, ఉండాల్సినదానికన్నా పెట్రోలు ఎక్కువ వచ్చి పొర్లుతుంది. అదీ చోకే. స్కూటర్ మొత్తాన్నే నాబ్‌లా వాడుకున్నాం.

మూడోరకం అన్నిటికన్నా విచిత్రం. బయట తేమగా ఉంటుంది, సున్నాకి పైన 5, 10 డిగ్రీల చలి. బండి చక్కగా బయల్దేరి, కొన్ని కిలోమీటర్లయ్యాక నీరసించి ఆగిపోతుంది. బానెట్ ఎత్తి చూస్తే అన్నీ బాగుంటాయి. పది నిమిషాలాగి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు నడుస్తుంది. కారణం మంచు. పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది, కుండలో నీళ్లు చల్లబడేది కూడా ఆ లెక్కనే. కార్బురేటర్ నడుము దగ్గర ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలు, అంతకన్నా ఎక్కువ పడిపోవచ్చు. గాలిలోని తేమ అక్కడే గడ్డకట్టి గొంతు పూడుస్తుంది. ఆగాక కింద ఇంజిన్ వేడికి ఆ మంచు కరిగిపోతుంది. నేరం జరిగింది, కత్తి కరిగిపోయింది. రోడ్డు మీద ఇది చికాకు, ఆకాశంలో చావు. అందుకే కార్బురేటర్ ఉన్న చిన్న విమానాల్లో వేడిగాలి లోపలికి పంపే మీట ఉంటుంది. ఎప్పుడు లాగాలో పైలట్లకి ఇప్పటికీ నేర్పుతారు.

అరచేతి పరీక్ష

మా కారు జబ్బు రెండో రకంలా కనిపించింది. అందుకే ఇద్దరూ కార్బురేటర్ మీద పడ్డారు. మూడో మనిషి బస్టాండు వెనక చిన్న షెడ్డులో పనిచేసే ముసలాయన. నాన్న ఆయన్ని "తాతా" అనేవాడు. ఆయన కార్బురేటర్ ముట్టుకోలేదు. రాత్రి కారు తన దగ్గరే వదిలేసి పొమ్మన్నాడు. "చలిజ్వరం చలిలోనే చూడాలె బిడ్డా" అన్నాడు.

తెల్లారి ఆరింటికి వెళ్లాం. కారు స్టార్ట్ చేయించి, ఇంజిన్ నుంచి రేడియేటర్‌కి పోయే పై గొట్టం మీద అరచేయి వేసి నిలబడ్డాడు. రెండు మూడు నిమిషాలు. తర్వాత నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాడు. గోరువెచ్చగా ఉంది. "ఇంత తొందరగా వెచ్చబడొద్దు. మస్తుసేపు చల్లగుండి, ఒక్కసారి కాలాలె" అన్నాడు. నాలుగు బోల్టులు విప్పి మూత తీసి చూపించాడు. అక్కడ ఉండాల్సిన థర్మోస్టాట్ లేదు.

థర్మోస్టాట్ అంటే నీళ్ల దారిలో చిన్న తలుపు. ఇంజిన్ వేడెక్కేదాకా మూసి ఉండి, నీళ్లని రేడియేటర్ వైపు పోనివ్వదు. మన దగ్గర చాలామంది మెకానిక్కులు దాన్ని పీకి పారేసేవాళ్లు. ఎండాకాలం ఇంజిన్ మరుగుతోంది, ఈ తలుపు అడ్డం ఎందుకు, ఇది తెల్లవాళ్ల దేశానికి గానీ మనకెందుకు అని. ఎప్పుడో ఒక మే నెలలో ఎవరో మా కారుకీ ఆ మేలు చేశారు. ఆ మేలు జనవరిలో బయటపడింది. ఇంజిన్ పుట్టించిన వేడిని పుట్టించినట్టే రేడియేటర్ చల్లార్చేస్తోంది. ఎన్ని మైళ్లు పోయినా ఇంజిన్ లోపల తెల్లవారుజామే. కార్బురేటర్ ఏ తప్పూ చేయలేదు. నాయనమ్మ మాటే నిజం, బండికి నిజంగానే చలి.

కొత్త థర్మోస్టాట్ హైదరాబాద్ నుంచి తెప్పించడానికి వారం పట్టింది. అప్పటిదాకా రేడియేటర్ ముందు సగానికి అట్టముక్క అడ్డం పెట్టుకుని తిరగమన్నాడు తాత. చలిదేశాల్లో లారీ డ్రైవర్లు చేసే పనే అది. ఆయనకి ఎవరు చెప్పారో మరి.

ఆ అరచేతి పరీక్ష నాకు చాలా ఏళ్లు ఒక గొప్ప కథలా ఉండేది. నాబ్, చెవి, అరచేయి. మనిషికీ యంత్రానికీ మధ్య ఉన్న ఆ చుట్టరికం కంప్యూటర్లు వచ్చి తెంపేశాయని బాధపడుతూ ఒక వ్యాసం రాయాలనుకునేవాణ్ని. రాయడానికి కూర్చుని, కార్బురేటర్ ఎందుకు పోయిందో చదివాక ఆ వ్యాసం మానేశాను.

మొదటి రెండు నిమిషాలు

అరీ హాగెన్-స్మిత్ డచ్ మూలాలున్న రసాయన శాస్త్రవేత్త. కాలిఫోర్నియాలో అనాసపండు వాసన ఎక్కడినుంచి వస్తుందో పరిశోధించేవాడు. లాస్ ఏంజెలెస్‌లో కళ్లు మండించే పొగమంచు ఎందుకు వస్తోందో చూడమంటే, పండు వాసన పట్టిన పద్ధతుల్లోనే ఊరి గాలిని పట్టి చూశాడు. కాలకుండా బయటికొచ్చిన హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఆ విషం తయారవుతోందని 1950ల మొదట్లో తేల్చాడు. కాలని పెట్రోలు ఎక్కువగా వచ్చేది కార్ల నుంచే.

ఇప్పుడు చోక్ గుర్తుచేసుకోండి. ఒకరు రావాలని ముగ్గురిని పిలిచాం. రాని ఆ ఇద్దరూ ఏమయ్యారు? కొంత సిలిండర్ గోడల మీది ఆయిలుని కడిగేసి కిందికి దిగింది. అందుకే చోక్ మీద ఎక్కువ నడిపిన ఇంజిన్ తొందరగా అరిగిపోతుంది. మిగతాది సగం కాలి, కాలక, కార్బన్ మోనాక్సైడ్‌తో కలిసి పొగగొట్టంలోంచి వీధిలోకి పోయింది.

అమెరికా 1970లో గాలి చట్టాన్ని బిగించింది. ఆ తర్వాత వచ్చిన పరీక్ష పద్ధతిలో నాకు నచ్చిన వివరం ఒకటుంది. కారుని కనీసం పన్నెండు గంటలు ఒక గదిలో ఆపేస్తారు. తర్వాత స్టార్ట్ చేయకుండా, తోసుకుంటూ తీసుకెళ్లి పరీక్ష రోలర్ల మీద నిలబెడతారు. అప్పుడు తాళం తిప్పుతారు. ఆ మొదటి క్షణం నుంచి పొగని పడతారు. అంటే చల్లని ఇంజిన్ దగ్గే మొదటి దగ్గు కూడా లెక్కలోకి వస్తుంది.

1975 నుంచి అక్కడి కార్లలో పొగని శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. అవి దాదాపు 250, 300 డిగ్రీలు వేడెక్కితే గానీ పని మొదలుపెట్టవు. కాబట్టి మొదటి ఒకటి రెండు నిమిషాల్లో వచ్చేదే మొత్తం కాలుష్యంలో పెద్ద వాటా అయింది. పైగా మూడు రకాల విషాలనీ ఒకేసారి విరిచే కన్వర్టర్‌కి ఆ 14.7 నిష్పత్తి ఎప్పుడూ తప్పకూడదు. గాలి పీల్పుని నమ్ముకుని అందాజాగా పోసే కార్బురేటర్‌కి అంత కచ్చితత్వం చేతకాదు. 1967లోనే ఫోక్స్‌వాగన్ కార్లలో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వచ్చింది. 1976లో వోల్వో కార్లలో పొగలోని ఆక్సిజన్‌ని కొలిచే లాంబ్డా సెన్సర్ వచ్చింది. ఆ రెండూ కలిశాక కార్బురేటర్ రోజులు దగ్గరపడ్డాయి.

మన దగ్గర 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో కొత్త కార్లకి యూరో ప్రమాణాలు పెట్టమంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలు. ఆ ఒకటి రెండేళ్లలోనే కార్ల వెనక ఎం.పి.ఎఫ్.ఐ. అన్న అక్షరాలు మెరవడం మొదలైంది. మోటార్ సైకిళ్లు, స్కూటర్లు ఇంకో ఇరవై ఏళ్లు లాగాయి. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 వచ్చాక కొత్త బళ్ల మీద చోక్ మీట దాదాపు మాయమైంది.

చోక్ చేసే పని మాత్రం పోలేదు. ఇప్పటి కారు కూడా చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ పెట్రోలే చిమ్ముతుంది. నీళ్ల వేడి కొలిచే సెన్సర్ చెబుతుంది, కంప్యూటర్ లెక్క కడుతుంది, నాన్న అంగుళాల్లో చేసిన పని అది చుక్కల్లో చేస్తుంది. మొన్న నా కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. షెడ్డులో కుర్రాడు ఫోన్‌కి ఒక చిన్న పరికరం తగిలించి చదివి, "థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది సార్, ఇంజిన్ వేడెక్కట్లేదు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అదే జబ్బు, ఈసారి చెప్పింది లైటు.

మా ఇంట్లో నాయనమ్మ మంచం వీధివైపు గదిలో, కిటికీ పక్కన ఉండేది. ఆమెకి ఉబ్బసం. కారు నిలబెట్టేది ఆ కిటికీ కిందే. చలికాలం ఉదయాలు నాన్న చోక్ లాగి ఇంజిన్ వేడెక్కేదాకా నిలబెట్టినప్పుడు, ఆ తియ్యటి పెట్రోలు వాసన ఇల్లంతా నిండేది. నాకు ఇప్పటికీ ఇష్టమైన వాసన అది, చిన్నతనం వాసన. దాంతోపాటు ఇంకో చప్పుడు కూడా గుర్తుంది. కారు దగ్గు ఆగాక లోపల మొదలయ్యే నాయనమ్మ దగ్గు. నాన్న ఇంజిన్‌ని అంత శ్రద్ధగా వినేవాడు, నేను నాన్నని చూసేవాణ్ని. కిటికీ మూసిన చప్పుడు మేమిద్దరం వినలేదు.